మాజీ సైనికుల ఉన్నత విద్య: అమెరికా ప్రభుత్వ విశ్వవిద్యాలయాల పాత్ర - పరిశీలన

వ్యాససంగ్రహం

సైన్యం నుంచి తిరిగివచ్చినవారి చదువుకు ప్రభుత్వం ధనసహాయం ప్రకటించడం ఒక పని. ఆ చదువు నిజంగా సాగేలా విశ్వవిద్యాలయం తన నియమాలను, భవనాలను, విద్యాపంచాంగాన్ని సవరించుకోవడం మరొక పని. అమెరికాలో 1944 నాటి జి.ఐ. బిల్లు మొదలుకొని నేటివరకు ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు మాజీ సైనికులకు అందించిన తోడ్పాటును ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఒకే చట్టం కింద ఒకే హక్కు పొందిన సైనికులకు వేర్వేరు ఫలితాలు దక్కడానికి విద్యాసంస్థల వైఖరే ప్రధాన కారణమని చారిత్రక ఉదాహరణలతో వివరిస్తుంది. రుసుము, పూర్వశిక్షణకు గుర్తింపు, ప్రాంగణంలో తోడు అనే మూడు అంశాల్లో నేటి వ్యవస్థ పనిచేసే తీరును విశ్లేషించి, అగ్నివీరుల తొలి దళాలు సేవాకాలం ముగించుకోనున్న తరుణంలో భారతీయ విశ్వవిద్యాలయాలకు, ముఖ్యంగా తెలుగు రాష్ట్రాలకు, ఈ అనుభవం ఏ ప్రశ్నలను ముందుంచుతుందో సూచిస్తుంది.

కీలకపదాలు: మాజీ సైనికులు, ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు, జి.ఐ. బిల్లు, స్థానికత, క్రెడిట్ల గుర్తింపు, ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం, అగ్నివీరులు

1. ఉపోద్ఘాతం

పద్దెనిమిదేళ్ల ప్రాయంలో సైన్యంలో చేరిన వ్యక్తి తిరిగివచ్చేసరికి అతని ఈడువారు చదువులు ముగించి ఉద్యోగాల్లో స్థిరపడి ఉంటారు. అతనికి వయసు మీరి ఉంటుంది. చాలామందికి సంసారభారం ఉంటుంది. కొందరికి గాయాలు ఉంటాయి. చేతిలో ఉన్న నైపుణ్యం విలువైనదే అయినా దానికి విశ్వవిద్యాలయం గుర్తించే కాగితం ఉండదు. విశ్వవిద్యాలయం మాత్రం పాఠశాల విద్య ముగించి నేరుగా వచ్చే యువతను దృష్టిలో పెట్టుకొని తన ప్రవేశ నియమాలను, వసతిగృహాలను, పరీక్షల కాలపట్టికను రూపొందించుకున్న సంస్థ. ఈ రెండింటి మధ్య ఉన్న దూరమే మాజీ సైనికుల ఉన్నత విద్యలోని మూలసమస్య.

ఈ దూరాన్ని తగ్గించే ప్రయత్నం విస్తృతంగా, సుదీర్ఘంగా జరిగిన దేశాల్లో అమెరికా ఒకటి. అక్కడ చదువు ఖర్చును ప్రధానంగా కేంద్ర ప్రభుత్వం భరిస్తుంది. విశ్వవిద్యాలయాల్లో అత్యధికం రాష్ట్రాల ఆధీనంలోనివి లేదా ప్రైవేటువి. హక్కు కల్పించేది ఒకరు, దాన్ని అమలుపరచవలసినది మరొకరు కావడం వల్ల విద్యాసంస్థల పాత్రను విడిగా పరిశీలించే వీలు కలుగుతుంది. ఈ వ్యాసం ప్రభుత్వ విశ్వవిద్యాలయాలకు పరిమితమవుతుంది.

2. 1944 చట్టం - విశ్వవిద్యాలయాల తొలి స్పందన

అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ 1944 జూన్ 22న సంతకం చేసిన సైనికుల పునఃసర్దుబాటు చట్టమే జి.ఐ. బిల్లుగా ప్రసిద్ధి పొందింది. బోధన రుసుము, పుస్తకాలు తదితరాలకు ఏడాదికి 500 డాలర్ల వరకు, జీవనభృతిగా ఒంటరివారికి నెలకు 50 డాలర్లు, కుటుంబం ఉన్నవారికి 75 డాలర్లు ఈ చట్టం కల్పించింది. భృతిని తరువాతి సంవత్సరాల్లో పెంచారు. సేవాకాలాన్ని బట్టి గరిష్ఠంగా నాలుగేళ్ల చదువుకు అవకాశం ఉండేది.

విద్యావేత్తలందరూ దీన్ని స్వాగతించలేదు. హార్వర్డ్ అధ్యక్షుడు జేమ్స్ కొనాంట్, చికాగో విశ్వవిద్యాలయాధిపతి రాబర్ట్ హచిన్స్ వంటి ప్రముఖులు విద్యాప్రమాణాలు పడిపోతాయని ఆందోళన వ్యక్తం చేశారు. తరగతి గదుల్లో జరిగింది వేరు. మాజీ సైనికులు శ్రద్ధగా చదివే విద్యార్థులని త్వరలోనే పేరు తెచ్చుకున్నారు. కొనాంట్ కూడా తన అభిప్రాయాన్ని మార్చుకున్నారు. 1947 నాటికి అమెరికా కళాశాలల్లో చేరినవారిలో దాదాపు సగం మంది మాజీ సైనికులే. రెండవ ప్రపంచ యుద్ధంలో పనిచేసిన సుమారు కోటి అరవై లక్షల మందిలో 1956 నాటికి దాదాపు 78 లక్షల మంది ఈ చట్టం కింద ఏదో ఒక విద్యను గాని శిక్షణను గాని పొందారు. వారిలో సుమారు 22 లక్షల మంది కళాశాలల్లో, విశ్వవిద్యాలయాల్లో చదివారు.

ఈ ప్రవాహంలో పెద్దపాలు ప్రభుత్వ విశ్వవిద్యాలయాల మీద పడింది. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో 1946లో విద్యార్థుల సంఖ్య ఒక్కసారిగా రెట్టింపు అయింది. వివాహితులైన మాజీ సైనికులకు మాడిసన్ నగరంలో ఇళ్లు చాలక, దాదాపు 35 మైళ్ల దూరంలోని ఆయుధ కర్మాగార సిబ్బంది నివాసాలను విశ్వవిద్యాలయం విద్యార్థి గృహాలుగా మార్చింది. 'బ్యాడ్జర్ విలేజ్' అని పేరుపడిన ఆ ఊరి నుంచి విద్యార్థులు బస్సుల్లో తరగతులకు వచ్చేవారు. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం 1946లో చికాగో నగరంలో, యుద్ధకాలంలో నౌకాదళ శిక్షణకు వాడిన నేవీ పియర్ మీద రెండేళ్ల కోర్సుల ప్రాంగణాన్ని తెరిచింది. తాత్కాలికమనుకున్న ఆ ఏర్పాటే క్రమంగా ఎదిగి నేటి చికాగోలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయానికి మూలమైంది. సైనికుల కోసం చేసిన సర్దుబాటు నగరంలోని శ్రామిక కుటుంబాల పిల్లలకు శాశ్వత విద్యాలయాన్ని మిగిల్చింది.

3. హక్కు ఉన్నా ద్వారం తెరుచుకోని చోట

చట్టంలో జాతి ప్రస్తావన లేదు. నల్లజాతి సైనికుడికీ తెల్లజాతి సైనికుడికీ కాగితం మీద ఒకే హక్కు ఉంది. అయితే చట్టం రుసుము చెల్లిస్తుందే తప్ప, ఫలానావారిని చేర్చుకొమ్మని విద్యాసంస్థను ఆదేశించదు. దక్షిణాది రాష్ట్రాల ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు నల్లజాతీయులకు ప్రవేశం నిరాకరించేవి. నల్లజాతీయుల కోసం ఏర్పడిన కళాశాలలు సంఖ్యలో తక్కువ, నిధుల్లో పేద. అవి కిక్కిరిసిపోయి, అర్హులైన మాజీ సైనికులను కూడా వెనక్కి పంపవలసి వచ్చింది. వాటిలో ఇంజినీరింగ్ వంటి శాఖలు, పరిశోధన స్థాయి కోర్సులు అరుదు.

ఈ వ్యత్యాసం ఫలితాల్లో కనిపిస్తుంది. ఆర్థికవేత్తలు సారా టర్నర్, జాన్ బౌండ్ 2003లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, దక్షిణాది వెలుపల జన్మించిన నల్లజాతి సైనికుల విద్యాస్థాయి మీద ఈ చట్టం గణనీయమైన ప్రభావం చూపింది. దక్షిణాదిలో జన్మించినవారికి దాని వల్ల ఒరిగింది స్వల్పం. ఇరువర్గాలకూ వర్తించిన చట్టం ఒకటే. తేడా వారికి అందుబాటులో ఉన్న కళాశాలల్లో ఉంది.

సైలస్ హంట్ జీవితం దీనికి ఉదాహరణ. రెండవ ప్రపంచ యుద్ధంలో బల్జ్ పోరాటంలో గాయపడిన ఈ నల్లజాతి సైనికుడు 1948 ఫిబ్రవరిలో అర్కాన్సా విశ్వవిద్యాలయ న్యాయకళాశాలలో ప్రవేశం పొందారు. పునర్నిర్మాణ యుగం తరువాత దక్షిణాదిలోని తెల్లజాతీయుల విశ్వవిద్యాలయంలో చేరిన తొలి నల్లజాతి విద్యార్థి ఆయనే. భవనం అడుగు అంతస్తులో విడిగా ఒక గదిలో ఆయనకు పాఠాలు చెప్పే ఏర్పాటు చేశారు. కొందరు తెల్లజాతి విద్యార్థులు తామే దిగివచ్చి ఆ తరగతుల్లో కూర్చున్నారు. హంట్ చదువు పూర్తికాలేదు. 1949లో ఆయన క్షయవ్యాధితో మరణించారు. విశ్వవిద్యాలయం 2008లో ఆయనకు మరణానంతరం న్యాయపట్టా ప్రదానం చేసింది.

తొమ్మిదేళ్లు వైమానిక దళంలో పనిచేసిన జేమ్స్ మెరెడిత్ 1962 అక్టోబరు 1న మిసిసిపి విశ్వవిద్యాలయంలో చేరడానికి న్యాయస్థానం ఆదేశం, కేంద్ర బలగాల రక్షణ అవసరమయ్యాయి. ముందురోజు రాత్రి ప్రాంగణంలో చెలరేగిన అల్లర్లలో ఇద్దరు మరణించారు. 1963 ఆగస్టులో ఆయన పట్టా పొందారు. దేశరక్షణలో తొమ్మిదేళ్లు గడిపిన వ్యక్తి తన సొంత రాష్ట్ర విశ్వవిద్యాలయంలో అడుగుపెట్టడానికి సైన్యం తోడు కావలసివచ్చింది. ఆర్థికసహాయం ఎంత ఉదారమైనదైనా ప్రవేశద్వారం మూసి ఉన్నచోట దానికి విలువ లేదన్నది ఈ ఉదంతాల సారాంశం.

4. మెట్లు తొలగించిన విశ్వవిద్యాలయం

ద్వారం తెరవడమంటే ఏమిటో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయ చరిత్ర మరో కోణంలో చూపుతుంది. యుద్ధంలో వెన్నెముక దెబ్బతిని నడవలేని స్థితికి చేరిన సైనికుల శిక్షణకు 1943 నాటి పునరావాస చట్టం కింద ఆర్థికసహాయం ఉంది. కాని వారు చేరదగిన ప్రాంగణాలు దాదాపు లేవు. తరగతి గదికి చేరాలంటే మెట్లు ఎక్కాలి.

గేల్స్‌బర్గ్ పట్టణంలో పాత సైనిక ఆసుపత్రి భవనాల్లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం ఒక అనుబంధ ప్రాంగణాన్ని నడిపింది. ఆసుపత్రి కావడం వల్ల అందులో చక్రాల కుర్చీలు తిరిగే వీలుండేది. రెండవ ప్రపంచ యుద్ధంలో పనిచేసిన టిమొతి న్యూజెంట్ 1948లో అక్కడ వికలాంగ విద్యార్థుల కార్యక్రమాన్ని ప్రారంభించారు. మరుసటి ఏడాదే ఆ ప్రాంగణాన్ని మూసివేయాలన్న నిర్ణయం వెలువడింది. న్యూజెంట్, విద్యార్థులు రాష్ట్ర గవర్నర్ అడ్లయ్ స్టీవెన్‌సన్‌కు విన్నవించుకునేందుకు వెళ్లారు. ఆ తరువాత అర్బానాలోని ప్రధాన ప్రాంగణానికి వెళ్లి, మెట్ల మీద చెక్కపలకలు పరిచి, చక్రాల కుర్చీలతో భవనాల్లోకి వెళ్లడం సాధ్యమేనని చూపించారు. చివరికి కొద్దిమంది విద్యార్థులను ప్రయోగాత్మకంగా చేర్చుకోవడానికి విశ్వవిద్యాలయం అంగీకరించింది.

ఆ ప్రయోగం దశాబ్దాల పాటు సాగింది. భవనాలకు వాలుదారులు వచ్చాయి. కాలిబాటల అంచులను చక్రాలకు అనుకూలంగా చెక్కారు. చక్రాల కుర్చీని పైకెత్తే పరికరం అమర్చిన బస్సులు ప్రాంగణంలో తిరిగాయి. న్యూజెంట్ నేతృత్వంలో ఇక్కడ జరిగిన పరిశోధన ఆధారంగా 1961లో వికలాంగులకు అనుకూలమైన భవన నిర్మాణానికి అమెరికా తొలి జాతీయ ప్రమాణాలు వెలువడ్డాయి. కొద్దిమంది మాజీ సైనికుల కోసం మొదలైన మార్పు తరువాతి తరాల వికలాంగులందరికీ ఉపకరించింది. గాయపడిన సైనికుల ఉన్నత విద్య కోసం అదే విశ్వవిద్యాలయం 2015లో వసతితో కూడిన ప్రత్యేక కేంద్రాన్ని ప్రారంభించింది.

అర్కాన్సాలో, మిసిసిపిలో విశ్వవిద్యాలయం తనంతట తాను కదలలేదు. ఇల్లినాయ్‌లో మొదట వెనుకాడినా, కదిలి తన భవనాలనే సవరించుకుంది. చట్టం ఇచ్చిన హక్కును అనుభవంలోకి తెచ్చేది ఈ సవరణే.

5. నేటి తోడ్పాటు వ్యవస్థ

1952లో కొరియా యుద్ధ సైనికుల కోసం, 1966లో వియత్నాం కాలం వారి కోసం, 1984లో స్వచ్ఛంద సైన్యం కోసం వేర్వేరు చట్టాలు వచ్చాయి. ప్రస్తుతం ప్రధానమైనది 2008లో ఆమోదం పొంది 2009 ఆగస్టు 1 నుంచి అమలులోకి వచ్చిన చట్టం. 2001 సెప్టెంబరు 11 తరువాత కనీసం 36 నెలలు క్రియాశీల సేవ చేసినవారికి ఇది 36 నెలల చదువు కాలానికి ప్రభుత్వ విశ్వవిద్యాలయంలోని స్థానిక విద్యార్థుల రుసుమును పూర్తిగా చెల్లిస్తుంది. తక్కువ సేవ చేసినవారికి ఆ దామాషాలో అందుతుంది. ప్రాంగణం ఉన్న ప్రాంతాన్ని బట్టి నెలవారీ వసతిభత్యం, ఏడాదికి 1,000 డాలర్ల వరకు పుస్తకాల ఖర్చు అదనం. ఈ చట్రంలో ప్రభుత్వ విశ్వవిద్యాలయాల పనిని నాలుగు భాగాలుగా చూడవచ్చు.

5.1 రుసుము, స్థానికత

అమెరికాలో రాష్ట్ర విశ్వవిద్యాలయాలు స్థానికేతరుల నుంచి ఎక్కువ రుసుము వసూలు చేస్తాయి. పలుచోట్ల అది స్థానికుల రుసుముకు రెండు మూడు రెట్లు ఉంటుంది. స్థానికత సాధారణంగా ఆ రాష్ట్రంలో నివసించిన కాలం మీద ఆధారపడుతుంది. సైనికుడు ఎక్కడ నివసించాలో సైన్యమే నిర్ణయిస్తుంది. అందువల్ల పదేళ్లు సేవచేసిన వ్యక్తి ఏ రాష్ట్రానికీ స్థానికుడు కాని పరిస్థితి ఏర్పడేది. కేంద్రం స్థానిక రుసుము మాత్రమే చెల్లిస్తుంది గనుక మిగిలిన తేడా అతని నెత్తిన పడేది. 2014 నాటి చట్టంలోని 702వ సెక్షను దీన్ని సరిదిద్దింది. అర్హులైన మాజీ సైనికుల నుంచి స్థానిక రుసుముకు మించి వసూలు చేసే ప్రభుత్వ విద్యాసంస్థల కోర్సులకు జి.ఐ. బిల్లు ఆమోదం రద్దవుతుందని అది నిర్దేశించింది. విడుదలైన మూడేళ్లలోపు చేరాలన్న తొలినాటి షరతును 2021లో తొలగించారు.

5.2 ధ్రువీకరణాధికారి

విద్యార్థి ఎన్ని క్రెడిట్లకు నమోదయ్యాడో మాజీ సైనికుల వ్యవహారాల శాఖకు తెలియజేసే ఉద్యోగి ప్రతి ఆమోదిత విద్యాసంస్థలోనూ ఉంటారు. ఆ నివేదిక చేరితేనే రుసుము, భత్యం విడుదలవుతాయి. ఇది గుమాస్తా పనిలా కనిపించినా దీని మీద ఒక కుటుంబం ఇంటి అద్దె ఆధారపడి ఉంటుంది. సగం కంటే ఎక్కువ భారంతో చదువుతున్నవారికే వసతిభత్యం వర్తిస్తుంది. పూర్తిగా ఆన్‌లైన్‌లో చదివేవారికి జాతీయ సగటులో సగమే లభిస్తుంది. మధ్యలో ఒక కోర్సు వదిలేస్తే అప్పటికే చెల్లించిన సొమ్ము అప్పుగా మారవచ్చు. 2011 నుంచి రెండు సెమిస్టర్ల మధ్య సెలవు రోజులకు భత్యం ఇవ్వడం లేదు. అంటే విశ్వవిద్యాలయం తన సౌకర్యం కోసం నిర్ణయించుకునే సెలవుల పట్టిక ఈ విద్యార్థుల ఆదాయాన్ని నిర్ణయిస్తుంది. అందుకే కోర్సు వదిలేముందు సలహా ఇవ్వగల, నివేదికలు సకాలంలో పంపగల సిబ్బందిని తగినంతగా నియమించడం తోడ్పాటులో మొదటి మెట్టు.

5.3 పూర్వశిక్షణకు క్రెడిట్లు

సైనిక శిక్షణను విద్యాపరంగా విలువకట్టే ఆలోచన యుద్ధకాలంలోనే మొదలైంది. 1942లో మాడిసన్ కేంద్రంగా ఏర్పడిన సాయుధ దళాల విద్యాసంస్థ విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ సహకారంతో సైనికులకు ఉత్తరాల ద్వారా పాఠాలు నడిపింది. పాఠశాల చదువు పూర్తికాని సైనికుల కోసం అదే కాలంలో రూపొందిన సమానార్హత పరీక్ష నేడు సాధారణ పౌరులు రాసే జి.ఇ.డి. పరీక్షగా స్థిరపడింది. 1945 నుంచి అమెరికన్ విద్యామండలి సైనిక శిక్షణలను పరిశీలించి, ఏ శిక్షణకు ఏ స్థాయిలో ఎన్ని క్రెడిట్లు ఇవ్వవచ్చో సిఫారసు చేస్తోంది. సైనికుల శిక్షణ వివరాలు ఇప్పుడు ఉమ్మడి సేవాపత్రంలో నమోదవుతాయి.

సిఫారసు ఆదేశం కాదు. దాన్ని అంగీకరించే అధికారం ప్రతి విశ్వవిద్యాలయానిది, ఆచరణలో ప్రతి శాఖది. క్రెడిట్లు ఇచ్చినట్టే ఇచ్చి వాటిని ఐచ్ఛికాంశాల కింద జమకట్టడం తరచుగా వినిపించే ఫిర్యాదు. యుద్ధభూమిలో క్షతగాత్రులకు ప్రథమ చికిత్స చేసిన వ్యక్తి నర్సింగ్ కోర్సులో చేరితే, అతని శిక్షణ ఐచ్ఛిక క్రెడిట్లుగా లెక్కకు వస్తుంది గాని నర్సింగ్ పాఠ్యాంశాల్లో ఒక్కటీ తగ్గదు. పత్రంలో క్రెడిట్లు పెరుగుతాయి, పట్టాకు పట్టే కాలం తగ్గదు. ప్రయోజన కాలం 36 నెలలే గనుక ఇది వృథా వ్యయం కూడా. ఒహాయో రాష్ట్రం 2014లో చేసిన చట్టం ద్వారా సైనిక శిక్షణను రుసుము లేకుండా మూల్యాంకనం చేసే విధానాన్ని, కోర్సుల ఎంపికలో మాజీ సైనికులకు ముందు అవకాశాన్ని తన ప్రభుత్వ విద్యాసంస్థలకు తప్పనిసరి చేసింది. అధ్యాపకులు తమ పాఠ్యప్రణాళికను సైనిక శిక్షణ పాఠ్యాంశాలతో పక్కపక్కన పెట్టి పోల్చినచోటే ఈ క్రెడిట్లకు సార్థకత కలుగుతుంది. ఆ పనిని పరిపాలనా విభాగం ఒక్కటే చేయలేదు.

5.4 ప్రాంగణంలో తోడు

ఇరవై ఎనిమిదేళ్ల మాజీ సైనికుడు పద్దెనిమిదేళ్ల సహాధ్యాయుల మధ్య కూర్చున్నప్పుడు కలిగే ఒంటరితనానికి రుసుముతో సంబంధం లేదు. క్లీవ్‌లాండ్ స్టేట్ విశ్వవిద్యాలయం 2008లో మొదటి సంవత్సరపు కొన్ని సాధారణ కోర్సులను మాజీ సైనికులకే విడిగా నిర్వహించింది. కలిసి చదువు మొదలుపెట్టి, నిలదొక్కుకున్నాక సాధారణ తరగతుల్లో కలవడం దీని ఉద్దేశం. మాజీ సైనికుల వ్యవహారాల శాఖ తన సలహాదారులను ప్రాంగణాల్లోనే నియమించే కార్యక్రమం 2009లో ఇదే విశ్వవిద్యాలయంలో ప్రారంభమైంది. 2008లోనే ఏర్పడిన అమెరికా విద్యార్థి సైనికుల సంఘానికి ఇప్పుడు అనేక ప్రాంగణాల్లో శాఖలున్నాయి. చాలా ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో మాజీ సైనికులకు ప్రత్యేక గది గాని కేంద్రం గాని ఉంది. మానసిక ఆరోగ్య సేవలు, ఉద్యోగ సలహాలు అక్కడే అందుతాయి.

విడి తరగతుల పద్ధతి మీద భిన్నాభిప్రాయాలున్నాయి. పౌరజీవితంలో కలిసిపోవలసినవారిని మళ్లీ వేరుచేయడం సమంజసమా అన్నది ఆక్షేపణ. తొలి సెమిస్టరులోనే మానుకునేవారిని నిలుపుకోవడం ముఖ్యమన్నది సమాధానం. తాత్కాలికమైన ప్రత్యేకత, శాశ్వతమైన కలయిక అన్న సూత్రం ఈ రెండింటినీ కలుపుతుంది.

6. భారం ఎవరిది?

తోడ్పాటుకు ఖర్చుంది. టెక్సస్ రాష్ట్రంలో హేజల్‌వుడ్ చట్టం కింద అర్హులైన మాజీ సైనికులకు ప్రభుత్వ విద్యాసంస్థల్లో 150 క్రెడిట్ గంటల వరకు బోధన రుసుము మినహాయింపు ఉంది. 2009లో ఆ అవకాశాన్ని వాడుకోనివారు తమ బిడ్డకు బదలాయించే వీలు కల్పించారు. దాంతో లబ్ధిదారుల సంఖ్య వేగంగా పెరిగింది. రాష్ట్రం ఇచ్చే నిధులు కొంత భాగానికే సరిపోగా, మిగిలిన భారం విశ్వవిద్యాలయాల మీద, పరోక్షంగా ఇతర విద్యార్థుల రుసుముల మీద పడింది. శాసనసభ ఉదారంగా ప్రకటించిన వరానికి విద్యాసంస్థ మూల్యం చెల్లించినప్పుడు, ఆ వరం పట్ల సంస్థలో విముఖత పెరిగే ప్రమాదం ఉంటుంది.

మరోవైపు, ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు నెమ్మదిగా స్పందించిన చోట లాభాపేక్షగల సంస్థలు ముందుకు వచ్చాయి. అటువంటి సంస్థలు తమ ఆదాయంలో కనీసం 10 శాతం కేంద్ర విద్యార్థి సహాయేతర మార్గాల నుంచి సంపాదించాలన్న నియమం ఉంది. జి.ఐ. బిల్లు సొమ్మును చాలాకాలం ఆ 10 శాతంలో లెక్కించనిచ్చారు. దాంతో మాజీ సైనికులను చేర్చుకోవడం ఆ సంస్థలకు ఆర్థికంగా లాభసాటి అయింది. దూకుడు ప్రచారంతో చేర్చుకొని, కొన్ని సంస్థలు అర్ధంతరంగా మూతపడగా, విద్యార్థుల ప్రయోజన కాలం కరిగిపోయింది. 2021లో చట్టాన్ని సవరించి ఈ లొసుగును మూసివేశారు. సాయంత్రం తరగతులు, దూరవిద్య, త్వరిత ప్రవేశం వంటి సౌకర్యాలు ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో లేకపోవడమే పలువురిని అటు నడిపించిందన్న విషయం ఈ చర్చలో మరువరానిది.

7. భారతీయ సందర్భం - తెలుగు రాష్ట్రాలు

భారతదేశంలో సైనిక కుటుంబాలకు విద్యాసహాయం చిరకాలంగా ఉన్నా, దాని దృష్టి ప్రధానంగా తరువాతి తరం మీద ఉంది. ప్రధానమంత్రి ఉపకారవేతనాలు మాజీ సైనికుల పిల్లలకు, వితంతువులకు ఉద్దేశించినవి. తెలుగు రాష్ట్రాల్లో ఇంజినీరింగ్ వంటి ప్రవేశాల్లో 2 శాతం సీట్లు సైనిక సిబ్బంది పిల్లల కోటా కిందివి. పదిహేనేళ్లు సేవచేసిన మెట్రిక్యులేట్లకు ఇచ్చే పట్టభద్ర సమానార్హత పత్రం గ్రూప్-సి ఉద్యోగాలను ఉద్దేశించినదే తప్ప విశ్వవిద్యాలయ పట్టా కాదు. సైనికుడు తానే విద్యార్థిగా తిరిగివస్తాడన్న ఊహ ఈ ఏర్పాట్లలో బలంగా లేదు.

2022 జూన్ 14న ప్రకటించిన అగ్నిపథ్ పథకం ఈ పరిస్థితిని మార్చింది. పదిహేడున్నర నుంచి 21 ఏళ్ల మధ్య వయసులో చేరే అగ్నివీరుల సేవాకాలం నాలుగేళ్లు. వారిలో 25 శాతం వరకు దీర్ఘకాల సేవకు ఎంపికవుతారు. మిగిలినవారు సుమారు 11.71 లక్షల రూపాయల సేవానిధితో, పింఛను లేకుండా, ఇరవై రెండు నుంచి ఇరవై ఐదేళ్ల ప్రాయంలో బయటికి వస్తారు. 2022 చివర, 2023 ఆరంభంలో శిక్షణలో చేరిన తొలి దళాల నాలుగేళ్లు 2026 చివరినాటి నుంచి ముగుస్తాయి. ప్రతి ఇంటినుంచీ సైన్యానికి మనుషులను పంపిన ఊరుగా ప్రసిద్ధిచెందిన పశ్చిమగోదావరి జిల్లా మాధవరం వంటి గ్రామాలకు ఇది దూరపు విషయం కాదు.

వీరికోసం ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం మూడేళ్ల ప్రత్యేక పట్టా కార్యక్రమాన్ని రూపొందించింది. ఇందులో 50 శాతం క్రెడిట్లు సైన్యంలో పొందిన నైపుణ్య శిక్షణకు లభిస్తాయి. మిగిలిన 50 శాతం భాషలు, చరిత్ర, అర్థశాస్త్రం, వాణిజ్యం వంటి విశ్వవిద్యాలయ కోర్సుల నుంచి రావాలి. మొదటి ఏడాది తరువాత సర్టిఫికెట్, రెండవ ఏడాది తరువాత డిప్లొమాతో నిష్క్రమించే వీలుంది. అమెరికాలో సిఫారసు స్థాయిలో నిలిచిన క్రెడిట్ల గుర్తింపు ఇక్కడ కార్యక్రమ నిర్మాణంలోనే భాగమైంది. ఇది గణనీయమైన ముందడుగు.

అయినా ఒక సంస్థలో ఒక కార్యక్రమం ఉండటంతో సమస్య తీరదు. ఆ పట్టాతో వచ్చిన విద్యార్థిని రాష్ట్ర విశ్వవిద్యాలయాలు స్నాతకోత్తర కోర్సుల్లో ఏ శాఖలో చేర్చుకుంటాయి? మధ్యలో నిష్క్రమించి సాధారణ డిగ్రీ కళాశాలలో చేరదలచినవారి నైపుణ్య క్రెడిట్లను ఎలా లెక్కిస్తాయి? తెలుగు రాష్ట్రాల ప్రవేశాల్లో స్థానికత ప్రధానంగా చదివిన ప్రదేశం, చదివిన సంవత్సరాల మీద ఆధారపడుతుంది. పదవ తరగతితో సైన్యంలో చేరి, సేవలో ఉండగా జాతీయ సార్వత్రిక పాఠశాల ద్వారా పన్నెండవ తరగతి పూర్తిచేసిన యువకుడి విషయంలో ఆ నాలుగేళ్లను ఎలా పరిగణించాలో ప్రవేశ నియమావళి స్పష్టంగా చెప్పాలి. అమెరికాలో 702వ సెక్షను పరిష్కరించిన చిక్కు ఇటువంటిదే.

తెలుగు మాధ్యమంలో చదివినవారి విషయంలో హైదరాబాదులోని డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అనుభవం ఉపకరిస్తుంది. 1982లో దేశంలోనే తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయంగా ఏర్పడిన ఈ సంస్థ, చదువు మధ్యలో ఆగినవారికి అర్హత పరీక్ష ద్వారా డిగ్రీలో ప్రవేశం కల్పించింది. తెలుగులో పాఠ్యగ్రంథాలు సిద్ధం చేసింది. బడి నుంచి నేరుగా రాని విద్యార్థికి తగినట్టు విశ్వవిద్యాలయం తనను తాను మలచుకోగలదని తెలుగునేల మీద నిరూపించిన సంస్థ అది.

8. ముగింపు

అమెరికా అనుభవం నుంచి తేలే అంశాలను ఇలా క్రోడీకరించవచ్చు. మొదటిది, ఆర్థికసహాయం అవసరమే గాని అది చాలదు. దక్షిణాది నల్లజాతి సైనికుల చరిత్ర దీనికి నిదర్శనం. రెండవది, రుసుము, స్థానికత వంటి అంశాలను శాసనం సరిదిద్దగలదు. క్రెడిట్లు సార్థకం కావడం మాత్రం పాఠ్యప్రణాళికలు రచించే అధ్యాపకుల చేతిలో ఉంటుంది. మూడవది, తోడ్పాటు భారాన్ని నిధులివ్వకుండా విద్యాసంస్థల మీదకు నెడితే అది నిలవదు. నాలుగవది, సైనికుల కోసం చేసిన సవరణలు వారితోనే ఆగిపోలేదు. వాలుదారి, సమానార్హత పరీక్ష, నేవీ పియర్ ప్రాంగణం తరువాత అందరివీ అయ్యాయి.

1949లో అర్బానా ప్రాంగణపు మెట్ల మీద చెక్కపలకలు పరిచింది విద్యార్థులు, వారి ఉపాధ్యాయుడు. వాటి స్థానంలో శాశ్వతమైన దారి నిర్మించింది విశ్వవిద్యాలయం. అగ్నివీరులు ప్రవేశ దరఖాస్తులతో వచ్చేనాటికి తమ నియమావళిలోని మెట్లు ఎక్కడెక్కడ ఉన్నాయో గుర్తించడం భారతీయ విశ్వవిద్యాలయాల పాఠ్యమండళ్లు, ప్రవేశ విభాగాలు ఇప్పుడే చేపట్టవలసిన పని.